చత్వారం

"కళ్ళజోడు మర్చిపోయానమ్మా, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ నువ్వే చదివి తెలుగులో చెప్పు," అన్నాడు సుబ్బరాజు, జేబులో కళ్ళజోడు తడుముకుంటూ.

పరాయి దేశంలో, క్రాన్‌బర్న్‌లో పుట్టి ఇంగ్లీషు తప్ప మాట్లాడని భానుశ్రీ చేత తెలుగు పలికించడానికి ఆ తండ్రి ఆడే నాటకమిది. చత్వారం వచ్చినవాడికి దూరానివి చక్కగా కనబడతాయని ఆ పిల్లకేం తెలుసులే అని ఆయన ధీమా.

చైనా సీరియల్లో ఓ స్కూలు పిల్ల తండ్రి ముందు ఏడుస్తోంది. 'అన్నయ్యని చంపిందెవరో నాకు తెలుసు' అని కింద అక్షరాలు పడ్డాయి.

"ఏమంటోందమ్మా?"

"స్కూల్‌కి వెళ్ళాలంటే భయం. అక్కడ నాతో ఎవరూ మాట్లాడరు, నాన్నా."

మహానటుడు తెర మీది అక్షరాలు మళ్ళీ చదువుకున్నాడు.

"మరి... వాళ్ళ నాన్నేమన్నాడు?"

"ఏమీ అన్లేదు. జస్ట్ టీవీ చూస్తున్నాడు."

సుబ్బరాజు టీవీ ఆపేసి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, పక్కనే కూర్చున్న కూతురి మొహంలోకి చూశాడు.