పోతయ్య నిమ్మకాయ

"బండిలో సొంత సరుకేనా, కిరాయికి కూడా తిప్పుతారా?" కీబోర్డు మీద వేళ్లు ఆపి అడిగాడు ఇన్సూరెన్స్ ఏజెంటు రత్నరాజు.

"సొంతమేనండీ. గిలకలదిండి నుంచి గుడివాడ మార్కెట్టుకి చేపలు తోలుకుంటాను," అన్నాడు నాగబాబు.

"కిరాయికీ తిప్పుతాడు," అన్నాడు పక్కనే కూర్చున్న అతని తండ్రి పోతయ్య, పునుగు నములుతూ. "వచ్చేటప్పుడు ఖాళీగా వస్తాడేంటండీ? ఉన్నదున్నట్టు రాయండి."

"అలా రాస్తే ప్రీమియం కాస్త పెరుగుద్ది బాబాయ్."

"పెరగనీండి. ఒకసారి అబద్ధం పెట్టుకుంటే జన్మంతా మొయ్యాలి."

రత్నరాజు నవ్వాడు. నాగబాబుకి నవ్వు రాలేదు. బందరులో రవాణా ఆఫీసుకి ఎదురుగా ఉన్న ఈ ఇరుకు గదిలో పని అయితే, రోడ్డు దాటి వెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. బయట కొత్త పికప్పు బండి పసుపు కుంకుమలతో పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. అతని చూపు మాత్రం తండ్రి చేతిలోని పునుగుల పొట్లం మీదే ఉంది.

పోతయ్య ఉపవాసం సంగతి తెలియనివాళ్లు గిలకలదిండిలో లేరు. పడవెక్కే రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. మొలలో ఒక నిమ్మకాయ దోపుకుంటాడు. నడిసముద్రంలో మాటిమాటికీ దాన్ని తీసి, కళ్లు మూసుకుని ముఖానికి ఆనించుకుంటాడు. వేట నుంచి తిరిగొచ్చాక ఇసకలో మోకాళ్ల మీద కూలబడి, నుదురు నేలకానించి ఎంతసేపటికీ లేవడు. గంగమ్మ తల్లికి అంతటి భక్తుడు మళ్లీ పుట్టడని ఊరంతా అంటారు.

అలాంటి మనిషి కడుపున పుట్టిన నాగబాబుకి సముద్రం పడలేదు. పడవ కదిలితే చాలు, పేగులు నోట్లోకొచ్చేవి. పళ్ల బిగువున కొన్నాళ్లు వేటకి వెళ్లి, చివరికి నా వల్ల కాదని చేతులెత్తేశాడు. తండ్రి ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని నాగబాబు ఇప్పటికీ బాధపడుతూనే ఉంటాడు.

అందుకే ఈ బండి తండ్రి పేరున ఉండాలని అతని పట్టుదల. వాళ్లింట్లో పడవ ఎప్పుడూ పెద్దవాడి పేరునే ఉంటుంది. బండికీ ఆయన పేరు పడితే, కొడుకు నేల మీద బతకడాన్ని ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టే.

తీరా చూస్తే ఈ పెద్దమనిషి పొద్దున్నే ఇంట్లో చద్దన్నం తిన్నాడు. చాలదన్నట్టు దారిలో బండి ఆపించి పునుగులు కట్టించుకుని, గతుకుల రోడ్డు మీద ఊగుతూ హాయిగా తింటూ వచ్చాడు. పడవకైతే ఉపవాసం, నా బండికైతే పునుగులా అని నాగబాబు మనసు చివుక్కుమంది.

"ఓనర్ పేరు చెప్పండి," అన్నాడు రత్నరాజు.

"మా నాన్నగారి పేరు రాయండి. పోతయ్య."

"నా పేరొద్దు," అన్నాడు పోతయ్య.

"అదేంటి నాన్నా?"

"తోలేది నువ్వు. నా పేరెందుకు? ఏమండీ, వీడి పేరున ఉంటే వీడికేవన్నా మేలుందా?"

"ఉందండీ. ఓనరే లైసెన్సుతో తోలుతుంటే ఆయనకి విడిగా ప్రమాద బీమా వస్తుంది. మీకు లైసెన్సు లేదుగా."

"అయితే వీడి పేరే రాయండి. పక్క సీట్లో కూర్చునే మనిషిక్కూడా బీమా కట్టండి."

మాట సబబుగానే ఉంది. నాగబాబుకి మాత్రం అది తప్పించుకునే సాకులా వినిపించింది. ఆ పూటంతా రవాణా ఆఫీసులో ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. పని ముగించుకుని బయటికొచ్చాక ఇక ఆగలేకపోయాడు.

"ఒక్క మాట చెప్పు నాన్నా. నీ కొడుకు సముద్రానికి పనికిరాలేదని సిగ్గుపడుతున్నావు కదూ? అందుకేగా పేరొద్దన్నావు?"

పోతయ్య కొడుకు ముఖంలోకి చూశాడు. మొలలోంచి నిమ్మకాయ తీసి, వంగి, కొత్త బండి ముందు చక్రం కింద పెట్టాడు.

నాగబాబు అదిరిపడ్డాడు. "గంగమ్మ నిమ్మకాయ నాన్నా అది!"

"గంగమ్మదని ఊళ్లోవాళ్లన్నారు. నేనెప్పుడన్నా అన్నానా? ఎక్కించరా బండి. ఇంక దాంతో నాకు పనిలేదు. రేపట్నుంచి ఆ పక్క సీటు నాది."

"మరి వేట?"

పోతయ్య చెయ్యి వచ్చి కొడుకు భుజం మీద పడింది. "వల్ల కాదని నోరు తెరిచి చెప్పావు చూడు, ఆ ధైర్యం నీ వయసులో నాకు లేకపోయింది," అన్నాడు.

"నాకూ సముద్రం పడదురా."