రామాంజనేయులు సార్ చెప్పిన తూటా

కువైట్ ఫింటాస్‌లోని ఆ చిన్న ఫ్లాట్‌లో గంగాదేవికి సవతి లేదు. రామాంజనేయులు సార్ ఉన్నాడు.

ఆ సార్‌ని ఆమె మొగుడు నాగేంద్రప్రసాద్ ఒక్కసారి కూడా చూసింది లేదు. కువైట్‌లో ఉన్న రాయచోటి వైపు రైతులకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. మనుషులు ఇక్కడ, చేలు అక్కడ. మందు కొట్టాలన్నా, నీళ్ల మడవ మార్చాలన్నా తీర్పు ఇక్కణ్ణుంచే. ఆ గ్రూప్‌లోకి నిరుడు ఈయన వచ్చి చేరాడు. ఆ రోజు గంగాదేవికి బాగా గుర్తు. చెనక్కాయ చేనుకి జిప్సం ఎప్పుడు చల్లాలో చెప్పబోయి మొగుడిచేత చివాట్లు తిన్న రోజది. సాయంత్రానికి అదే ముక్క సార్ చెప్పాడు. ఊళ్లో మర్నాడే చల్లించేశారు.

సార్ రిటైరైన లెక్చరరట. ఇక్కడే కువైట్‌లో కొడుకు దగ్గర ఉంటాడట. ఫోన్ ఎత్తడు. వాయిస్ పెట్టడు. పొందికైన తెలుగులో టైపు చేస్తాడు.

"పెద్దాయన గదా, అన్నీ మెసేజీలే. కొందరి మాదిరి వాగడు," అంటాడు నాగేంద్రప్రసాద్, కొందరి వైపు చూస్తూ.

సులైబియాలో గోడౌన్ పని ముగించుకుని ఇంటికొస్తే, చెప్పులు విప్పకముందే సార్‌కి రెండు చేతులు జోడించిన బొమ్మ పోవాలి. పెళ్లయిన ఇన్నేళ్లలో గంగాదేవికి ఉత్త బొటనవేలి బొమ్మ కూడా రాలేదు.

ఈ శుక్రవారం పొద్దున ఊరి నుంచి మరిది బాలసుబ్బయ్య ఫోన్ చేశాడు. అడవిపందులు చేనులో సగం పెళ్లగించేశాయి. కాల్చడానికి పర్మిషన్ వచ్చింది. లైసెన్స్ రైఫిల్ ఇంట్లోనే ఉంది. ఇక తూటాలు కొనాలి.

"అన్నా, అంగట్లో రెండు రకాలు ఉండాయి. కొన మెత్తంది ఒకటి. నిండా గట్టి తొడుగు ఉండేది ఇంకోటి. ఏది తెమ్మంటావు?"

"గట్టిదే తే రా. పంది తోలంటే మాటలా? ఈ పక్క దూరి ఆ పక్క రావాల."

గంగాదేవి ఉల్లిపాయ తరగడం ఆపింది.

"ఆ పక్క వచ్చి యాడికి పోతాది? చేను వెనకే గదా పాపాయమ్మ అవ్వ గుడిసె. కాపలాకి ఆడే పండుకుంటాది. మెత్త కొనదైతే పంది లోపలే విచ్చుకొని ఆగిపోతాది."

"నీకెట్ల తెలుసు?"

"ఫిజిక్స్ చదివినా. మా నాయనకి లైసెన్స్ తుపాకీ ఉండె."

"మీ నాయన కొట్టిందంతా కౌజుపిట్టలు. నువ్వు చదివింది నల్లబోర్డు మీద. పొయ్యి మీద ఏముందో చూసుకో పో." ఫోన్‌లోకి తిరిగి, "గట్టిదే. మధ్యాహ్నానికి కొనేయ్. ఖలాస్," అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. గట్టి తూటాలు తెప్పిస్తున్నానని గ్రూప్‌లో గొప్పగా పెట్టుకున్నాడు.

గంగాదేవి వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. కాసేపు తరిగిన చప్పుడూ లేదు, తాలింపు చప్పుడూ లేదు.

హాల్లో ఫోన్ టింగుమంది.

"మే, సార్ పెట్టినారు, విను. 'నాయనా, గట్టి తూటా పందిని దాటిపోతుంది. మెత్త కొనది, బరువైంది తీసుకో. ముందరికాలి వెనక గురి చూడమను. పందికి అవతల ఏముందో చూసుకున్నాకే నొక్కమను.' చూసినావా? అవతల ఏముందో చూసుకోమన్నారు. ఇంతసేపూ మనిద్దరికీ తట్టలా!"

"నేను చెప్పిందీ అదే గదా."

"నువ్వు చెప్పేది వేరు, సార్ చెప్పేది వేరు. ఆయన కారణంతో చెప్తారు."

తమ్ముడికి మళ్లీ ఫోన్ పోయింది. మెత్త కొనవే కొంటున్నారు. అవ్వ బతికిపోయింది. గంగాదేవి పోయి మిగిలిన ఉల్లిపాయ తరగడం మొదలెట్టింది.

అవమానం తూటాతో పోతే మింగేసేదే. మింగుడు పడనిది వేరే ఉంది. పోయిన వారం మొగుడు సార్‌కి విడిగా ఒక మెసేజ్ రాశాడు. 'ఈ ఎండలకి గోడౌన్ పని నా వల్ల కావడం లేదు సార్. ఈ ఇఖామా పర్మిట్ ముగిసినాక ఊరికి పోయి ఆ చేనే చేసుకోవాలని ఉంది. అది కూడా పందుల పాలైతే నాకు ఇంక పోయే దారి లేదు. మా ఆవిడకి చెప్తే నవ్వుతుంది.'

ఆ నాలుగు ముక్కలూ ఆమె ఎన్నిసార్లు చదువుకుందో. ఎదురుగా కూచుని ఏమైందయ్యా అంటే "ఏం లే" అని గోడకేసి తిరిగే మనిషి. ముఖం తెలియని వాడి ముందు మనసు బోర్లించాడు.

"వచ్చే శుక్రవారం సార్‌ని అన్నానికి రమ్మని రాసినా," అన్నాడు నాగేంద్రప్రసాద్, తువ్వాలు భుజాన వేసుకుంటూ. "సంగటి, మటన్ చెయ్యి. ఆయన ముందర తూటాలు, ఫిజిక్సు అని నోరు తెరవొద్దు. నా పరువు పోతాది."

"రాడేమోలే."

"నీకు ఆయనంటే మొదట్నించీ పడదు."

"పడదు," అంది గంగాదేవి. అందులో అబద్ధమేమీ లేదు.

అతను స్నానానికి పోయాడు. నీళ్ల చప్పుడు మొదలైంది.

గంగాదేవి కందిపప్పు డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పాత ఫోన్ ఒకటి బయటికి తీసి, పప్పు దులిపి, 'శుక్రవారం రాలేను నాయనా, ఊరికి పోవాలన్న మాట నాకు కాదు, మీ ఇంటావిడకి చెప్పు, ఆమె నవ్వదు' అని టైపు చేసి, కింద ఎప్పటిలాగే 'మీ రామాంజనేయులు సార్' అని పెట్టింది.