రెండో చెయ్యి

"మేడమ్, లాస్ట్ అన్నా మిస్సింగ్ అన్నా ఒకటే గద?" అంది లావణ్య.

హుస్సేనీ ఆలంలో ఇంటి ముందుగదిలోనే సంహిత ఇంగ్లీషు క్లాసు. వచ్చేవాళ్లంతా దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు.

"ఒకటెట్లయితది? తనకు తోవ తెల్వకుంటే లాస్ట్. తను యాడున్నడో ఇంట్లోళ్లకు తెల్వకుంటే మిస్సింగ్."

"అంటే, తప్పిపోయినోడు ఫలానా తాన ఉన్నడని ఎవలన్న చెప్తే?"

"ఇగ మిస్సింగ్ కానట్టే."

అంతలో ఫోను మోగింది. గాజుల ఎల్లప్ప.

"బిడ్డా, అమ్మ మా దుకాణంల కూసున్నది. జర వచ్చి తీస్కపో."

సంహితకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈమధ్య రోజూ ఇదే లొల్లి. సరిగ్గా క్లాసు మొదలయ్యే వేళకు అమ్మ గేటు తీసుకుని వెళ్లిపోతుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసినా, పేర్లు మరిచిపోయినా వయసు మీద పడిందని సరిపెట్టుకోవచ్చు. ఈ గాజుల పిచ్చిని ఏమనుకోవాలి?

నాన్న విఠల్‌రావు పోయిన రోజున అమ్మ గాజులు తీసేసింది. ఇప్పుడు లాడ్ బజార్‌లో ఈ ముసలి ఎల్లప్ప ఎర్ర లక్క గాజులు తొడుగుతున్నాడు. అదీ ఒక్క చేతికే. "లలితమ్మకు ఈ వయసుల సోకులేంది" అని వాడకట్టంతా ముసిముసిగా నవ్వుతోంది.

మొదటిసారి ఎల్లప్పే ఆమెను ఇంటిదాకా దిగబెట్టాడు. ఏదో చెప్పబోయాడు. క్లాసు నడుస్తోందని సంహిత వినలేదు. గేటు మీది క్లాసు బోర్డులో ఫోను నంబరు చూసుకుని వెళ్లాడు. గిరాకీ కోసం పడే తిప్పలు అనుకుంది.

ఇవాళ ఫోను రాగానే క్లాసు మధ్యలో వదిలేసి దుకాణానికి నడిచింది.

లలితమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. కుడిచేతికి నిండుగా గాజులు, ఎడమచెయ్యి బోసి. ఎల్లప్ప కుంపటి మీద లక్కను తీరిగ్గా కాస్తున్నాడు, తెల్లారేదాకా టైమున్నట్టు.

"సిగ్గున్నదా నీకు? మొగడు పోయిన మనిషికి గాజులు తొడుగుతవా?"

"తెలిసే తొడుగుతున్న బిడ్డా. ఒక్క మాట ఇను..."

"నీ మాటలు నాతోని నడ్వయి. నీ గిరాకీకి మా అమ్మే దొర్కిందా? ఒక్క చేతికి తొడిగి బజార్ల కూసోవెడ్తవా? నవ్వులాటగున్నదా?"

"ఉండవే," అంది లలితమ్మ. "రెండో చెయ్యి ఇంక కాలే."

ఆ మాటతో సంహితకు ఒళ్లు తెలియలేదు. అమ్మ చేతిగాజులు బరబరా లాగి కుంపట్లో పడేసింది. లక్క చిటపటమని కరిగింది.

"ఇగ మా అమ్మకు గాజు తొడిగితే పోలీసోళ్లను తీస్కొస్త. ఫోన్ చేస్తే మర్యాద దక్కది."

ఎల్లప్ప తల వంచుకున్నాడు. "మంచిది బిడ్డా."

మర్నాడు క్లాసులో ఫోను మోగింది. ఆ నంబరే. సంహిత కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్. ఎంత చెప్పినా బుద్ధి లేదనుకుంటూ నంబరును బ్లాక్ చేసి, పీడ విరగడైందనుకుంది.

క్లాసయ్యేసరికి చీకటి పడింది. అమ్మ ఇంట్లో లేదు.

ఇంకెక్కడికి పోతుంది, ఆ దుకాణానికే పోయి ఉంటుంది. దారి పొడుగునా తిట్లు కూడబెట్టుకుంటూ నడిచింది. వెళ్లి చూస్తే ఎల్లప్ప షటర్ దించి ఉంది.

పక్క దుకాణం పింటూ సామాను సర్దుతున్నాడు.

"యాడికి పోయిండు మీ ఎల్లప్ప? మా అమ్మను యాడ దాచిండు?"

పింటూ చేతిలోని పెట్టె కిందపెట్టాడు. అతనికీ తక్కువ మంటగా లేదు.

"దాచిండా? మీ అమ్మ రోజు నాలుగింటికి మా ముంగటికెల్లే పోతది మేడమ్. పాపకు బడి విడిచే యాళ్లయింది, తీస్కరావాలె అనుకుంట. ఏ బడి అంటే చెప్పదు. కూసోమంటే కూసోదు. చెయ్యి వట్టుకుంటే ఒర్లుతది."

ఆ పాప సంహితే. ఆ బడి మూతపడి ఏళ్లయింది.

"మరి... గాజులు?"

"ఒక్క చేతికి తొడిగించుకోని రెండో చెయ్యి ఖాళీగ ఉంచి లేవొద్దంటరు గద పాతోళ్లు. ఆమె అన్ని మర్సింది గని గా మాట మర్వలే. గందుకే ఎల్లప్ప తాత ఒక చెయ్యి నింపి, రెండో చేతికని లక్క కాస్తనే ఉంటుండె. మీరొచ్చేదాంక."

సంహిత షటర్‌ను పట్టుకుంది. కూడబెట్టుకొచ్చిన తిట్లన్నీ ఇప్పుడు తనవే.

"మీరు తొడగొద్దన్నరాయె, ఇయ్యాల తొడగలే. కూసోమని కాళ్లు మొక్కినంత పని చేసిండు. మీకు ఫోను మీద ఫోను కొట్టిండు. ఆమె లేసి పోయింది. షటర్ గుంజి ఎనకనే ఉరికిండు. చార్మినార్ కాడ జనంల కల్సిపోయిందని ఫోన్ల చెప్పిండు."

సంహిత బ్లాక్ తీసి ఆ నంబరుకు చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"బిడ్డా," ఎల్లప్ప రొప్పుతున్నాడు. "మదీన చూసిన, అఫ్జల్‌గంజ్ చూసిన. ఇంక దొర్కలే. తిరుగుతనే ఉన్న. నువ్వు సదివిన బడి యాడుండెనో జర చెప్పు."

రోజూ తప్పిపోతున్న అమ్మను ఇన్నాళ్లూ మిస్సింగ్ కానివ్వని ఆ మనిషికి, సంహిత ఏడుస్తూ తన బడి పేరు చెప్పింది.