బురుజు మెట్ల మీద

కృష్ణానది మధ్య దీవిలో ఉన్న జలదుర్గం కోట. బురుజు మెట్లు సగం ఎక్కాక యూనీస్ ఉన్నట్టుండి కూర్చుండిపోయింది.

"నాకు కళ్లు తిరుగుతాండాయి. మీరంతా పోండి."

బళ్లారి నుంచి చర్చి సంఘమంతా బస్సులో వచ్చారు. యాత్రనాడు ఎవరి పెళ్లిరోజు పడితే ఆ దంపతులు కీర్తన పాడాలి. ఈసారి యూనీస్, వరప్రసాదంల వంతు. బురుజు పైన, చుట్టూ నది కనబడేచోట పాడాలని ఆమె ఎంతో ఆశపడింది.

"పాట మరిచిపోయిందేమో, అందుకే ఈ నాటకం!" అని ఆడవాళ్లు నవ్వారు. "ప్రసాదప్పా, నువ్వన్నా రాప్పా!"

"ఆమెను వదిలి యాడికొచ్చేది?" అన్నాడు వరప్రసాదం.

"మొగుడంటే ఇట్లుండాల" అంటూ అందరూ పైకి వెళ్లారు.

దిగి వచ్చాక పాస్టరుగారు యూనీస్ తలమీద చెయ్యి ఉంచి, ఈ బిడ్డలోని భయం తీసెయ్యి ప్రభువా అని ప్రార్థించారు. ఆమె బుద్ధిగా తల వంచింది.

మెట్ల పక్కన నది లోతు చూసి వరప్రసాదం చెయ్యి వణకడం మొదలైనప్పుడే ఆమె కూర్చుంది. ఆ చేతిని పైటచెంగు కింద ఇంకా పట్టుకునే ఉంది.

భయం నాది అనే మాట అతని నోటిదాకా వచ్చింది.

"ఆమెన్" అన్నాడు, అందరికంటే గట్టిగా.