సగం ధరకి తేనెపెట్టె

"ఆ ఈగలైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోరా!" అన్నాడు బాబాయి, వాలుకుర్చీలోంచి లేవకుండానే.

బేరాలబాబు గుండె జారి, తేనెటీగలకి పొగపెట్టడానికి చేతిలో పట్టుకున్న పొగడబ్బాలో పడింది.

బాబాయి ఆ ఇంటికి వచ్చింది పన్ను పీకించుకోవడానికి. రెండ్రోజుల పని. పన్ను ఎప్పుడో వెళ్ళిపోయింది. బాబాయి వెళ్ళలేదు. ముందుగది మంచం, ఫ్యాను కింద చోటు, పేపరు మొదటి పేజీ, టీవీ రిమోటు ఒక్కొక్కటే ఆయన ఏలుబడిలోకి వచ్చేశాయి. మొగుడూ పెళ్ళాలు వంటింట్లో కాందిశీకుల్లా కాపురం చేస్తున్నారు. అయినా తండ్రి తర్వాత తండ్రి కదా, "ఎప్పుడెళ్తావు?" అని అడగడానికి బేరాలబాబుకి నోరు రాదు. అతని భార్యకైతే అసలు నోరే లేదని బంధువుల్లో పెద్ద పేరు.

బేరాలబాబు వృత్తి గడియారాలు బాగుచేయడం. పేరు మాత్రం బేరాల వల్ల వచ్చింది. పాము కరిచినా, విషం కాస్త తగ్గించుకోమని అడిగే రకం. అలాంటివాడికి ఈమధ్య పెరట్లో తేనెటీగలు పెంచాలని బుద్ధి పుట్టింది. కొత్త పెట్టె, ఈగల గుంపు, ముఖానికి వల, అన్నీ కలిపి దుకాణంవాడు చెప్పిన ధరకి ఇంటిల్లిపాదీ తేనెతో స్నానం చేయొచ్చు. అప్పుడు భార్యే ఎక్కడో విని, ఊరికి ఆ చివర, బస్సు దిగాక కూడా బోలెడు నడవాల్సిన చోట, రిటైరైన పోస్టుమాన్ ఒకాయన పాత పెట్టెలు అమ్ముతాడని చెప్పింది.

బేరాలబాబు వెళ్ళి ధర అడిగి, "సగానికి ఇస్తారా?" అన్నాడు.

"పట్టుకెళ్ళు నాయనా," అన్నాడు పెద్దాయన.

నిండా ఈగలున్న పెట్టె! పైగా వాడిన వల, పొగడబ్బా కొసరు! చిరునామా భార్య చెప్పిందే అయినా బేరం మాత్రం పూర్తిగా తన ఘనత. ఇంకా తగ్గించమని అడగనందుకు ఆ రాత్రి నిద్రపట్టలేదు గానీ, తెల్లారినప్పట్నుంచీ కనబడ్డవాళ్ళకల్లా ఆ కథే. మనుషులు దొరక్కపోతే కొట్లో గోడ గడియారాలకి చెప్పేవాడు.

ఆ తర్వాత ఓ వింత జరిగింది. కాళ్ళకి పసుపుపచ్చటి పుప్పొడి అంటించుకుని వచ్చే ఈగల్ని చూస్తూ గంటలు గంటలు కూర్చోవడం మొదలుపెట్టాడు. జీవితంలో మొదటిసారి, ధర గురించి ఆలోచించకుండా ఒకదాన్ని చూశాడు. ఇప్పుడు బాబాయి దానికే ఎసరు పెట్టాడు.

"అవి నిన్నేం చెయ్యవు బాబాయ్. వాటి దారిన అవి పోతాయి."

"వాటి దారే కదరా నాకు అడ్డం! ఆ మూల ఎండలో కాసేపు నడుం వాలుద్దామంటే లేదు. ఈగల కోసం బాబాయిని గెంటేస్తావట్రా?"

బేరాలబాబు ఆశగా భార్యవైపు చూశాడు.

"చినమావయ్యగారి మాటే మాటండీ," అందావిడ. "పెద్దవాళ్ళకంటే ఈగలెక్కువా?"

"అదీ! కోడలంటే అదీ!"

"మరి ఎవరికిద్దాం?" అన్నాడు బేరాలబాబు.

"పక్కవీధి టైలరుగారు అడిగారు. దగ్గరే కదా, బెంగపడితే వెళ్ళి చూసుకోవచ్చు."

ఆ దయకి అతనికి కళ్ళు చెమర్చాయి. చీకటిపడి ఈగలన్నీ లోపలికి చేరాక, ద్వారానికి గుడ్డ కుక్కి, పెట్టెని పసిపిల్లలా ఎత్తుకెళ్ళి టైలరు పెరట్లో దించాడు.

"పిల్లని అత్తారింట్లో దిగబెట్టినట్టు ఆ ఏడుపేంటయ్యా?" అన్నాడు టైలరు.

పొద్దున్నే టైలరు గుడ్డ తీశాడు. ఇక్కడ బేరాలబాబు భార్య పెరటి మూల శుభ్రంగా ఊడ్చి, సరిగ్గా పెట్టె ఉన్న చోట వాలుకుర్చీ వేసింది. మెత్తటి దిండు కూడా పెట్టింది.

"ఇక్కడ ఎండ బాగా తగుల్తుంది చినమావయ్యగారూ. హాయిగా పడుకోండి."

బాబాయి కోట గెలిచిన రాజులా ఒరిగి, పేపరు పొట్టమీద పరుచుకుని గురక అందుకున్నాడు.

కాసేపటికి మేతకెళ్ళిన ఈగలు ఇంటికొచ్చాయి. పాత ఇంటికి. అక్కడ ఇల్లు లేదు, బాబాయి ఉన్నాడు. సరే, ఉన్నదాంట్లోనే సర్దుకుందామని ఆయనమీద వాలి ద్వారం కోసం వెతికాయి. వెతగ్గా వెతగ్గా రెండు కనబడ్డాయి. లోపల్నుంచి గాలి కూడా బాగా వస్తోంది.

ఆ కేకకి, వీధి చివర కొట్లో ఉన్న బేరాలబాబు చేతిలోంచి స్ప్రింగు ఎగిరిపోయింది. అది ఇప్పటికీ దొరకలేదు.

పరుగున వచ్చేసరికి బాబాయి, వంకాయంత ముక్కుతో, బట్టల పెట్టె సర్దుతున్నాడు.

"దయ్యాల్రా అవి! ఇచ్చేసినా తిరిగొచ్చాయి! ఈ కొంపలో క్షణం ఉంటే ఒట్టు!"

"అయ్యో, ఇంకో నెలైనా ఉంటారనుకున్నాను చినమావయ్యగారూ," అని ఆవిడ ముక్కుకి మందు రాసి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది.

ఆ సాయంత్రమే బేరాలబాబు పెట్టె తెచ్చి పాత చోట పెట్టాడు. ఈగలు ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళిపోయాయి. కానీ అతని మనసు ఊరుకోలేదు. మర్నాడు బస్సెక్కి పెద్దాయన దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

"పెట్టె అక్కడుంటే ఇవి ఇక్కడికెందుకొచ్చాయండీ? మళ్ళీ ఎటైనా పోతాయా?"

"ఎటూ పోవు నాయనా. అవి గుర్తుపెట్టుకునేది పెట్టెని కాదు, చోటుని. ఇక్కణ్ణుంచి మీ ఇల్లు బాగా దూరం కాబట్టి కొత్త చోటు నేర్చుకున్నాయి. పక్కవీధికి మారిస్తే తెలిసిన దారే కదా, తిన్నగా పాత చోటికే వస్తాయి."

"అయ్యో, తెలీక దగ్గర్లో ఇచ్చాం! మా ఆవిడ ఒట్టి అమాయకురాలండీ. పాపం, బాబాయి వెళ్ళిపోయాడన్న దిగులుతో నిన్నట్నుంచీ ముందుగది సర్దుకుంటూనే ఉంది."

పెద్దాయన అతన్ని వింతగా చూశాడు.

"పెట్టెకి మిగతా సగం కట్టిన రోజే మీ ఆవిడకి ఇదంతా చెప్పానే!"