మూడో రోజు పళ్లెం

నాలుగేళ్ల హాస్టల్ చదువు ముగించుకుని కాకినాడలో అమ్మానాన్నల దగ్గరికి తిరిగొచ్చిన కౌముదిని ఇంటిపెద్ద చుట్టం కింద జమకట్టేసింది. ఇంటిపెద్ద అంటే నాన్న కాదు. తలుపు తీయడం నుంచి కూరేమిటో తేల్చడం దాకా చూసుకునే గోడమీది యంత్రం. ఊళ్లో ఇప్పుడు ఇంటింటా అదే పెద్ద, మనుషులు దాని ముందు తలలూపే గంగిరెద్దులు.

"నా గదికి తాళమేంటమ్మా?"

"చుట్టాలకి హాల్లోనే పక్కట. నువ్వు మా పిల్లవేనని చెప్పాం తల్లీ, ఆలోచిస్తానంది."

"గోడకి అర్జీ పెట్టుకున్నారా? సిగ్గులేకపోతే సరి!"

నాన్న మహా శ్రద్ధగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే వంటింటి గోడలోని అర తెరుచుకుని పళ్లెం బయటికొచ్చింది. అందులో కుంకుమభరిణె, రెండు అరటిపళ్లు, జాకెట్టు గుడ్డ. చుట్టాన్ని సాగనంపే వేళయిందన్నమాట.

కౌముది పగలబడి నవ్వింది. "దీనికి మర్యాదలు కూడానా! తీసుకెళ్లి చెత్తబుట్టలో పారెయ్యమ్మా."

అమ్మ పళ్లెం అందుకుంది. చెత్తబుట్ట వైపు వెళ్లలేదు, కూతురి దగ్గరికొచ్చింది. నుదుట బొట్టు పెట్టి, గోడకి వినపడకుండా చెవిలో అంది:

"వెళ్లొస్తానని గట్టిగా చెప్పు తల్లీ. అలా అంటేనే అది నీకు మళ్లీ తలుపు తీస్తుంది."