కోడి కోసే మనిషి

కోడిని గంప కింద మూసేశాక సన్యాసమ్మకు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. కాగులో నీళ్లు మరుగుతున్నాయి. పసుపు నూరి ఉంది. ఈకలు పీకాక కాల్చడానికి ఎండుగడ్డి చుట్టి గోడవార పెట్టింది. కత్తీ, కత్తిపీటా కడిగింది. ఇక గవర్రాజు రావాలి.

ఆమె గుమ్మంలో కూర్చుని ఎదురుగా ఉన్న అతని ఇంటి తలుపు కేసి చూసింది.

కంచరపాలెంలో ఆ ఒంటిగదికి వచ్చి పదేళ్లు దాటింది. భర్త పోయి అంతకు రెండేళ్లు ఎక్కువ. ఆరు రోజులూ చీకటితో లేచి పనికి పోతుంది, సాయంత్రం వచ్చి తలుపేసుకుంటుంది. ఆ ఇంట్లో ఇంకొక గొంతు వినపడేది రెండు వారాలకొకసారి, ఆదివారం పొద్దున్న.

ఆ పేటలో ఆడవాళ్లు కోడిని కొయ్యరు. పెంచుతారు, ఈకలు పీకుతారు, వండుతారు. మెడమీద కత్తి మాత్రం మగవాడే పెట్టాలి. మగదిక్కు లేని ఇంటికి పక్కింటివాడెవరో వచ్చి కోసిపెట్టి వెళతాడు. ఆ రివాజు పుణ్యమా అని ఆమె గడపలోకి ఒక మనిషి వస్తున్నాడు.

గవర్రాజు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. స్టీలుప్లాంటులో ఫిట్టరు. సొంత తమ్ముడు కాడు గానీ, అక్కను పిలిచినట్టు అప్పా అనే పిలుస్తాడు.

"కత్తేటప్పా ఇలగుంది? దీంతో అరటిపండు కూడా తెగదు."

"సాన పట్టేవోడు ఇటు రాలేదురా."

"నువ్వు పిలిస్తే కదా వచ్చీది."

రాయిమీద నీళ్లు చల్లి నూరుతూ కూర్చున్నాడు. మొద్దుకత్తికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో పిల్లల చదువులు చెప్పాడు, అత్తగారి మోకాళ్ల నొప్పులు చెప్పాడు, రేవు నుంచి ఎగిరొచ్చే ఖనిజం దుమ్ముకు తన తెల్లచొక్కా ఎర్రబడ్డ సంగతి చెప్పాడు. సన్యాసమ్మ టీ ఇచ్చి ప్రతి మాటకూ ఊఁ కొట్టింది. రాయిమీద కత్తి చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని మధ్యమధ్య చూసింది.

ఆగింది.

"అప్పా, నాకు ప్లాంటు క్వార్టరు వచ్చీసింది. బుధవారం సామాను ఎత్తీస్తన్నాం."

గంప కింద కోడి గుండ్రంగా తిరుగుతోంది.

"అందుకే ఇయ్యాల నాను కొయ్యను. నువ్వే కొయ్యాలి. నేర్పీసి పోతాను. మాటిమాటికీ ఎవుడి కాళ్లని పట్టుకుంటావు?"

"ఆడదాన్ని. నాను కొయ్యకూడదు."

"కోసింది ఆడదో మగోడో కోడికి తెలుస్తాదేటి?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కోడిని తెచ్చి ఆమె ముందు పెట్టి, కత్తి చేతికిచ్చాడు.

"రెక్కలు రెండూ కలిపి కాలికింద తొక్కు. తల ఎనక్కి ఒంచు. మెడమీద ఈకలు కాసిన్ని పీకు. ఆఁ, అక్కడే. ఒకటే లాగుడు. నువ్వు భయపడ్డావంటే నరకం దానికి."

ఆమె అరచేతి కింద కోడి గొంతు కొట్టుకుంటోంది. ఒక్క లాగుడు. అది సరిగ్గా పడితే ఇతను మెచ్చుకుంటాడు. మిగిలిన టీ తాగి వెళ్లిపోతాడు. రెండు వారాల తరువాత, ఆపైన ఇంకో రెండు వారాల తరువాత, ఈ గడప తొక్కవలసిన అవసరం లోకంలో ఎవరికీ ఉండదు. చేతకాదన్న ఒక్క మాటే ఇన్నాళ్లూ ఈ తలుపు తెరిచి ఉంచింది.

కాలు జారింది. కోడి కాగు పక్కనుంచి దూసుకుపోయి గోడెక్కింది. కత్తి బురదలో పడింది.

గవర్రాజు దాన్ని మళ్లీ పట్టి తెచ్చాడు. రెండోసారి మెడమీద గీతైనా పడలేదు. మూడోసారి ఆమె కళ్లు మూసుకుని కత్తిని తిరగేసి పట్టుకుంది.

"ఓలప్పో, వీపుతో కోస్తన్నావేటి? నీవల్ల కాదు గానీ, ఇలాగియ్యి."

క్షణంలో కోసేశాడు. చేతులు కడుక్కుని లుంగీ అంచుకు తుడుచుకున్నాడు.

"సరే. రెండువారాలకోపాలి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నానే వస్తాను. నువ్వు నీళ్లు కాసి ఉంచు."

"అంత దూరంనుంచా? ఒక్క కోడి కోసమేటిరా?"

"కోడెవుడికి కావాలి? నువ్వెట్టే కూర కోసం."

అతను వెళ్లాక ఆమె కోడిని మరిగే నీళ్లలో ముంచి ఈకలు పీకింది.

మర్నాడు ఉదయం ఏడు కాకముందే, హార్బరు దగ్గర కూలీల కేంటీను వెనక పెరట్లో, పదకొండేళ్లుగా రోజూ కోస్తున్నట్టే, సన్యాసమ్మ చీరమీద ఒక్క చుక్క పడకుండా నలభై కోళ్లు కోసి చేతులు కడుక్కుంది.